బాకా మావయ్య నవ్వుల రికార్డు

బాకా మావయ్య అన్న పేరు అతనికి బడిపిల్లలు పెట్టారు. పాటల మ్యూజియం మూడో గదిలో, పసిపిల్లాణ్ణి కూర్చోబెట్టగలిగేంత ఇత్తడి బాకా ఉన్న గ్రామఫోను పక్కన ఎప్పుడు చూసినా అతనే నిలబడి ఉండేవాడు. దానికి తోడు గొంతు కూడా బాకాయే. మెల్లగా మాట్లాడ్డం చేతకాదు. "బాబూ, ఆ గోడకి ఆనుకోకు, సున్నం అంటుకుంటుంది" అని ఈ గదిలో అంటే, రెండు గదుల అవతల ఆనుకున్నవాడు కూడా ఉలిక్కిపడి నిటారుగా నిలబడేవాడు.

అందరూ పాటల మ్యూజియం అంటారు గానీ అక్కడ పాటలకంటే యంత్రాలే ఎక్కువ. మొదటి గదిలో తగరపు రేకు చుట్టి మాట పట్టే యంత్రం. అది అద్దాల పెట్టెలో ఉంటుంది, ఎవరూ ముట్టుకోకూడదు. రెండో గదిలో మైనపు గొట్టాలవి. వాటికి రబ్బరు తీగలుంటాయి, డాక్టరు గుండె చూసినట్టు చెవుల్లో పెట్టుకుని వినాలి. మూడో గదిలో ప్లేట్లవి. మావయ్య మూడు గదులూ తిప్పి, ఒక్కో యంత్రం గురించి చెప్పి, చివరికి మూడో గదిలో గ్రామఫోనుకి కీ ఇచ్చి నవ్వుల రికార్డు వేసేవాడు. ఆ రికార్డులో పాట లేదు, మాట లేదు. ఎవరో పేరు తెలియని ఒక మనిషి మొదట కిసుక్కుమంటాడు, తర్వాత ఆపుకోబోతాడు, ఆపుకోలేక పగలబడతాడు, మధ్యలో దగ్గొచ్చి ఉక్కిరిబిక్కిరవుతాడు, మళ్ళీ అందుకుంటాడు. అది వింటే ఎంత ముఖం ముడుచుకున్నవాడికైనా నవ్వు రావాల్సిందే. ఊరు చూడ్డానికొచ్చినవాళ్ళు ఈ ఒక్క రికార్డు కోసమే టికెట్టు కొనేవాళ్ళు.

ఆ నవ్వు వినిపించే మావయ్యకి మాత్రం అది వినపడటం మానేసి చాలా కాలమైంది.

కుర్రతనంలో అతను నీళ్ళ ట్యాంకులు చేసే కార్ఖానాలో పనిచేశాడు. సన్నగా ఉండేవాడు కాబట్టి ట్యాంకు లోపలికి దించేవాళ్ళు. లోపల ఇనప దిమ్మె ఆనించి పట్టుకుని అతను కూర్చుంటే, బయటినుంచి ఇంకొకడు సమ్మెటతో మేకులు దిగ్గొట్టేవాడు. ఒక్కో దెబ్బకి పుర్రె లోపల పిడుగు పడ్డట్టుండేది. ఆ పని మానేసి మ్యూజియంలో చేరేసరికే ఎడమ చెవి పోయింది. మిగిలిన కుడి చెవి కూడా కొండెక్కుతున్న దీపంలా కొడిగడుతూ వచ్చి, చివరికి అదీ ఆరిపోయింది. ఎదురుగా నిలబడి గట్టిగా అరిస్తే, పెదాలు కూడా కనిపిస్తే, ఏదో అర్థమయ్యేది. అంతే.

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అంటారు. ఇక్కడ చెవిటివాడే శంఖం ఊదుతున్నాడు. ఆ సంగతి బయటపడితే ఉద్యోగం ఉండదని అతనికి తెలుసు. అందుకని ఒక పద్ధతి పెట్టుకున్నాడు. చెప్పాల్సిందంతా కంఠస్థం. గ్రామఫోను తిరుగుతుందా లేదా అన్నది పెట్టె మీద అరచెయ్యి ఆనిస్తే తెలుస్తుంది, లోపల స్ప్రింగు సన్నగా వణుకుతూ ఉంటుంది. నవ్వు ఎక్కడిదాకా వచ్చిందో ముల్లు ఎక్కడుందో చూసి చెప్పేవాడు. రికార్డు మధ్యలో ఒక చోట గోటితో గీరినట్టు మచ్చ ఉంది. ముల్లు అక్కడికి రాగానే చెయ్యెత్తి, "ఇదిగో, ఇప్పుడు చూడండి, పాపం దగ్గొస్తుంది ఆయనకి!" అనేవాడు. సరిగ్గా అప్పుడే దగ్గొచ్చేది. జనం చప్పట్లు కొట్టేవాళ్ళు.

ఇక ప్రశ్నలు. ఎవరైనా నోరు తెరవబోతున్నారని కనిపిస్తే చాలు, "అక్కడికే వస్తున్నానండీ!" అనేసి ముందుకు సాగిపోయేవాడు. ఒకసారి ఒక పెద్దావిడ బాత్రూం ఎక్కడని అడిగింది. "అక్కడికే వస్తున్నానమ్మా, కాస్త ఓపిక పట్టండి" అన్నాడు. ఆవిడ ఓపిక పట్టలేక వెళ్ళిపోయింది.

ఇంట్లో మాత్రం ఏ పద్ధతీ లేదు. భార్య ఇంట్లోనే కుట్టుమిషను పెట్టుకుని ఇరుగుపొరుగు బట్టలు కుట్టేది. ఆవిడ స్వతహాగా మెల్లగా మాట్లాడే మనిషి. ఇతనికి వినపడేలా అరిచి అరిచి గొంతు జీరబోయింది. ఉప్పు అయిపోయిందన్న ముక్క చెప్పాలన్నా పక్కింటికి, ఎదురింటికి, మేడ మీదింటికి చెప్పి ఇతనికి చెప్పినట్టయ్యేది. అయినా అతను తన చెవిని ఏమీ అనేవాడు కాదు, ఆవిడ నోటినే అనేవాడు.

"ఏంటా గొణుగుడు? మనిషిలా మాట్లాడి చావలేవా?"

"చెవి మిషను పెట్టించుకోండి మహాప్రభో" అని ఆవిడ ఎన్నోసార్లు బతిమాలింది. "చెవిలో అది పెట్టుకుని ఆ గదిలో నిలబడితే కుంటివాడు పరుగు నేర్పినట్టుంటుంది. నా నోటి దగ్గర కూడు తీసేద్దామనా?" అని ఇంతెత్తున లేచేవాడు.

నలుగురిలో అయితే మరీ. ఎవరైనా ఇంటికొచ్చి, వాళ్ళ మాట తనకి అందకపోతే, నెపం భార్య మీదికి తోసేవాడు. "మా ఆవిడతో కాపురం చేసి చేసి నాకు సైగలే అలవాటయ్యాయండీ. దాని నోట్లో మాట ముత్యమే, చిప్ప తెరిస్తేగా!" అనేవాడు. వచ్చినవాళ్ళు నవ్వేవాళ్ళు. ఆవిడ కూడా నవ్వి, కప్పులు తీసుకుని లోపలికి వెళ్ళిపోయేది.

ఆవిడ తమ్ముడు మ్యూజియం గేటు దగ్గర టికెట్లు చింపేవాడు. ఆ పని బావ ఇప్పించిందే. ఇప్పించినందుకు బావ రోజూ వసూలు చేసుకునేవాడు. జనం ముందే, "గేటు దగ్గర నిలబడ్డానికి కూడా తెలివి కావాలని మా బావమరిదిని చూశాకే తెలిసిందండీ" అనేవాడు. ఎండలో నిలబడి నల్లబడ్డ బావమరిది పళ్ళికిలించేవాడు. లోపలి గదుల్లో ఫ్యాన్లుండేవి, చూసినవాళ్ళు పోతూ పోతూ చేతిలో ఏదో పెట్టిపోయేవాళ్ళు. గేటు దగ్గర వాడికి దక్కేది చిరిగిన కాగితం ముక్కలే. బావ చెవుల సంగతి అక్క చెప్పగా వాడికి తెలుసు. తెలిసి చాలాకాలం ఊరుకున్నాడు, ఎందుకు ఊరుకున్నాడో వాడికే తెలియాలి.

ఆ ఏడాది సెలవుల్లో భార్య అక్కా, ఆవిడ మొగుడూ చుట్టపుచూపుగా వచ్చారు. తోడల్లుడికి బట్టల దుకాణం ఉంది. డబ్బున్న మనిషి, మాటకారి. వచ్చిన రోజు రాత్రి భోజనాల దగ్గర అతను ఏదో అడిగాడు. మావయ్యకి అందలేదు. "అవునండీ, నిజమే" అన్నాడు. అందరి చేతులూ కంచాల్లో ఆగిపోయాయి. తోడల్లుడు అడిగింది, "మా మరదలి ఒంట్లో ఏమైనా బాగోలేదా, అలా చిక్కిపోయింది?" అని. మావయ్య ముఖాలన్నీ ఒకసారి చూసి, ఏదో తప్పు జరిగిందని గ్రహించి, వెంటనే భార్య వైపు తిరిగాడు.

"అదే చెబుతుంది లెండి. చెబుతుందంటే, మీరు రేపటిదాకా ఉంటేనే! మొదటి మాట బయటికొచ్చేసరికి తెల్లారుతుంది."

ఎవరూ నవ్వలేదు. భార్య అక్క మాత్రం, "నువ్వెలా భరిస్తున్నావే" అంది చెల్లెలితో. అది కూడా అతనికి వినపడలేదు. చెల్లెలు లేచి మజ్జిగ గిన్నె తెచ్చింది.

మర్నాడు అందరూ మ్యూజియానికి వచ్చారు. మావయ్య ఆ రోజు చొక్కా ఇస్త్రీ చేయించుకుని, జుట్టుకి తడి చేసి దువ్వుకుని, వాళ్ళకంటే ముందే వెళ్ళి యంత్రాలన్నీ తుడిచాడు. అతను రెండో గదిలో రబ్బరు తీగలు సర్దుతుండగా బావమరిది మూడో గదిలోకి వెళ్ళి, తుడిచే గుడ్డను ఉండ చుట్టి, బాకా గొంతులోకి, మెలి తిరిగిన చోటుకి, కర్రతో దిగగొట్టాడు. తర్వాత ఒకసారి రికార్డు వేసి చూసుకున్నాడు. దుప్పటి కింద చీమ నవ్వినంత కూడా రాలేదు. ముల్లు తీసి ఎప్పటిలా పెట్టేసి గేటు దగ్గరికి వచ్చి, అక్కకీ పెద్దక్కకీ పెద్దబావకీ సంగతి చెప్పాడు.

"వద్దురా" అంది భార్య.

"ఏం కాదక్కా, ఇంట్లోవాళ్ళమేగా. ఒక్క నిమిషం సరదా."

ఆవిడ ఇంకోసారి వద్దనలేదు.

మావయ్య ఆ రోజు చెప్పినంత బాగా ఎప్పుడూ చెప్పి ఉండడు. తగరపు రేకు యంత్రం దగ్గర, "మనిషి నోట్లోంచి పోయిన మాట మళ్ళీ తిరిగొచ్చి తలుపు తట్టిందండీ, అప్పటిదాకా లోకంలో ఎవరికీ తెలియని సంగతి" అన్నప్పుడు, వీళ్ళతో పాటు టికెట్టు కొన్న మిగతా జనం కూడా నిశ్శబ్దంగా విన్నారు. తోడల్లుడు ఏదో అడగబోయాడు. "అక్కడికే వస్తున్నానన్నగారూ!"

మూడో గదిలో అందర్నీ అర్ధచంద్రంలా నిలబెట్టాడు. కీ ఇచ్చాడు. ముల్లు ఆనించాడు. అరచెయ్యి పెట్టె మీద పెట్టాడు. స్ప్రింగు వణుకుతోంది. అంతా బాగానే ఉందనుకుని కళ్ళు సగం మూసి, తల ఒక పక్కకి వాల్చాడు.

గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు.

"విన్నారా? ఇంకా మొదలే! ఇప్పుడు ఆపుకోబోతున్నాడు చూడండి."

సంగతి తెలియని జనం ఒకళ్ళ ముఖాలొకళ్ళు చూసుకున్నారు. వెనక నిలబడ్డ బావమరిది చెవి చూపించి, చెయ్యి అడ్డంగా ఊపి, పెదాల మీద వేలు పెట్టాడు. అర్థమైనవాడు అర్థంకానివాడి చెవిలో చెప్పాడు. ఎవరో ఒకమ్మాయి ముందు కిసుక్కుమంది. మావయ్య ఆమెను చూసి, "అదీ! అమ్మాయిగారికి అంటుకుంది!" అన్నాడు. దాంతో ఇంకో ఇద్దరికి అంటుకుంది.

అతను పరవశంగా ముల్లునే చూస్తున్నాడు. అది మచ్చ దగ్గరికొచ్చింది. చెయ్యెత్తాడు.

"ఇదిగో, ఇప్పుడు చూడండి, పాపం దగ్గొస్తుంది ఆయనకి!"

గది గదంతా ఘొల్లుమంది. తోడల్లుడు పొట్ట పట్టుకుని గోడకి జారబడ్డాడు. ఒక కుర్రాడు ఫోను పైకెత్తి వీడియో తీస్తున్నాడు. పక్క గదిలో ఉన్నవాళ్ళు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. మావయ్య ఆ ముఖాలన్నీ చూస్తూ ఒక్క ముఖం దగ్గర ఆగిపోయాడు. అతని భార్య నవ్వుతోంది. చేత్తో నోరు మూసుకుని, భుజాలు అదిరిపోతూ, కళ్ళ నీళ్ళు కారిపోతూ నవ్వుతోంది. పెళ్ళైన కొత్తలో తప్ప ఆవిడ అలా నవ్వడం అతను చూడలేదు. అతని గుండె నిండిపోయింది.

"ఇంకోసారి వెయ్యమంటావా?" అన్నాడు, ఆవిడతోనే, అంతమంది ముందు.

ఆవిడ నవ్వు ఆపుకోలేక తలూపింది. అవునని ఊపిందో వద్దని ఊపిందో గానీ, అతను మళ్ళీ కీ ఇచ్చాడు.

ఆ సాయంత్రం బావమరిది గుడ్డ బయటికి తీసేశాడు. చుట్టాలు ఊరెళ్ళిపోయారు. వీడియో మాత్రం వెళ్ళలేదు, ఆ ఫోనులోంచి ఈ ఫోనులోకి తిరిగి తిరిగి బావమరిది ఫోనుకి వచ్చింది. వాడు దాన్ని బావకి చూపించాడు.

మావయ్య కళ్ళజోడు సవరించుకుని చూశాడు. చిన్న తెర మీద తనే. చెయ్యెత్తుతున్నాడు, జనం విరగబడుతున్నారు, తన భార్య నవ్వుతోంది. ఆ వీడియోలో రికార్డు మోగుతోందో లేదో తెలుసుకునే దారి ఈ లోకంలో అతనొక్కడికే లేదు.

"బావా, ఇది మేడమ్‌కి చూపించు" అన్నాడు బావమరిది, ఎదురుగా నిలబడి, ప్రతి అక్షరం పెదాల మీద పలికిస్తూ. "జీతం పెంచమని అడుగు. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?"

ఆ మాట మనసులో నాటుకుంది. వీడియో తన ఫోనులోకి ఎక్కించుకుని ముందు మంగలికి చూపించాడు, తర్వాత టీ దుకాణంవాడికి, తర్వాత ఇంటి ఓనరుకి. అందరూ నవ్వారు. నవ్విన ప్రతివాడికీ ఇంకోసారి చూపించాడు. ఇంటికొచ్చి భార్యతో, "రేపు మేడమ్ దగ్గరికెళ్తున్నా" అన్నాడు. ఆవిడ మిషను తొక్కడం ఆపింది. ఏదో చెప్పడానికి నోరు తెరిచింది. చెప్పాలంటే అరవాలి, అరిస్తే వాడంతా వింటుంది. కాసేపు అతని ముఖం చూసి, మళ్ళీ మిషను తొక్కడం మొదలెట్టింది.

మేడమ్ అంటే మ్యూజియం అధికారిణి. ఆవిడ గది మేడ మీద. మావయ్యంటే ఆవిడకి గౌరవమే గానీ, పని తప్ప ఇంకోటి పట్టని మనిషి. ఫోను అందుకుని వీడియో మొదట్నుంచీ చివరిదాకా చూసింది. ముఖంలో కండరం కదల్లేదు. మళ్ళీ వేసి, చెవి దగ్గర పెట్టుకుని వింది.

"చూశారా మేడమ్, జనం ఎంత సంతోషపడ్డారో! మా ఇంట్లోవాళ్ళని చెప్పడం కాదు..."

ఆవిడ ఫోను బల్ల మీద పెట్టి లేచి, కిటికీ వైపు తిరిగి, వీపు ఇతని వైపే ఉండగా మామూలు గొంతుతో అడిగింది. "నేను మాట్లాడేది మీకు వినపడుతోందా?"

మావయ్య వినయంగా చేతులు కట్టుకుని, చిరునవ్వుతో, జీతం సంగతి ఆవిడ ఆలోచిస్తోందనుకుని నిలబడ్డాడు.

"వెళ్ళిపొమ్మంటున్నాను. వినపడుతోందా?"

చిరునవ్వు అలాగే ఉంది. ఆవిడ ఇటు తిరిగింది. కాగితం తీసుకుని పెద్ద అక్షరాలతో రాసి, అతని ముందుకి జరిపింది. 'వీడియోలో రికార్డు మోగడం లేదు. జనం మిమ్మల్ని చూసి నవ్వుతున్నారు.'

అతను చదివాడు. చదివి, ఆ కాగితాన్ని మర్యాదగా మళ్ళీ ఆవిడ వైపే జరిపి, "చిత్తం మేడమ్" అన్నాడు. మెట్లు దిగాడు. మూడో గదిలోకి వెళ్ళి బాకాలోకి చెయ్యి పెట్టి తడిమాడు. లోపల ఇత్తడి చల్లగా తగిలింది, అంతే.

ఇంటికొచ్చేసరికి భార్య ఎవరిదో గౌను కింది అంచు మడుస్తోంది.

"నువ్వెందుకు నవ్వావే?"

ఆవిడ ఏదో అంది.

"గట్టిగా చెప్పు."

"అందరూ నవ్వుతుంటే నేనొక్కదాన్నే ఏడవాలా?" అని అరిచింది.

"ఆఁ?"

ఆవిడ గౌను పక్కన పడేసి లేచి, అతని ముఖంలో ముఖం పెట్టి, ఉన్న గొంతంతా పెట్టి అరిచింది. "నవ్వొచ్చింది! నవ్వొచ్చి నవ్వాను! ఇన్నేళ్ళలో మీవల్ల నాకు నవ్వొచ్చింది ఆ ఒక్క రోజే!"

ఎదురింటి కిటికీ తెరుచుకుంది. మేడ మీద ఎవరో పిల్లవాడు ఆ మాటే మళ్ళీ అరిచి చప్పట్లు కొట్టాడు. అది కూడా మావయ్యకి వినపడలేదు. భార్య మాట మాత్రం వినపడింది.

మేడమ్ అతన్ని పనిలోంచి తీసెయ్యలేదు. వెనక సామాను గదిలోకి మార్చింది. విరిగిన బాకాలు, పగిలిన ప్లేట్లు, ముళ్ళు లేని యంత్రాలు ఉండే గది. వాటికి దుమ్ము దులపాలి. మూడు గదులూ బావమరిదికి ఇచ్చింది, వాడికి వేరే ఎవరూ పోటీ లేరు కాబట్టి. ఇంకో మేలు కూడా చేసింది, మ్యూజియం ఖర్చుతో చెవి మిషను పెట్టించింది. ఇప్పుడిక దాచాల్సింది లేదు కాబట్టి అతను కాదనలేదు.

మిషను బిగించిన రోజు, ముందు అతనికి తన చెప్పుల చప్పుడు వినపడి భయమేసింది. తర్వాత సామాను గది గోడ అవతలినుంచి బావమరిది గొంతు వినపడింది. వాడు యంత్రాల గురించి పెద్దగా చెప్పడం లేదు. చెవిటి గైడు కథ చెబుతున్నాడు, ఎవరి బావో చెప్పకుండా. జనం నవ్వారు. మావయ్య చేతిలో ఉన్న బాకాని అటు తిప్పి ఇటు తిప్పి తుడుస్తూ మొత్తం విన్నాడు. ఆ రోజు ఎన్ని జట్లు వస్తే అన్నిసార్లు విన్నాడు.

సాయంత్రం ఇంటికెళ్ళాడు. మిషను పెట్టించుకున్న సంగతి భార్యకి చెప్పలేదు. జుట్టు చెవుల మీదికి పెరిగి ఉంది, ఆవిడకి కనపడలేదు. కాళ్ళు కడుక్కుని కూర్చుంటే కంచం తెచ్చి ముందు పెట్టింది. ఆవిడ ముఖం ఎప్పటిలాగే ప్రశాంతంగా ఉంది. వడ్డిస్తూ మామూలుగా, కూని రాగం తీసినట్టు, మెల్లగా మాట్లాడుతోంది.

"తిను, తిను. మెక్కి మెక్కి ఎప్పుడు చస్తావో. నీ పీడ ఎప్పుడు వదుల్తుందో. ట్యాంకులోనే పెట్టి మూత వేసెయ్యాల్సింది నిన్ను. ఇంకో గరిటె వెయ్యనా? తిను."

గొంతులో కోపం లేదు. రోజూ చేసే పనిలా ఉంది, గిన్నెలు సర్దినట్టు, దారం ఎక్కించినట్టు. ఎన్నేళ్ళుగా ఇలా వడ్డిస్తోందో అతను లెక్కగట్టబోయి మానేశాడు. పెట్టిందంతా తిన్నాడు. చెయ్యి కడుక్కుని వీధి గుమ్మంలోకి వచ్చి, మిషను తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు.

అప్పట్నుంచి అతను మిషను పనిలోకి పెట్టుకుని వెళ్తాడు, ఇంటి మలుపు దగ్గరికి రాగానే తీసేస్తాడు. కొన్నాళ్ళకి తమ్ముడి ద్వారా భార్యకి దాని సంగతి తెలిసింది. ఎదురింటావిడ కూడా అడిగింది, "మిషను పెట్టించారటగా, మీ ఆయనకి ఇప్పుడు వినపడుతోందా?" అని.

"ఏం వినపడ్డం? దండగ" అంది ఆవిడ సూదిలో దారం ఎక్కిస్తూ.